నాగప్ప దారి విషయమై

హిందూపురం,
14-6-1964

అక్క కదిరమ్మకు తమ్ముడు జయరాముడు నమస్కరించి తెలియజేసుకునేది.

ఇక్కడ మేమిద్దరం బాగున్నాము. పింఛను పుచ్చుకున్నప్పటి నుంచి నేను పగలంతా ఇంట్లోనే ఉండటం వల్ల తనకు పని సాగడం లేదని చౌడేశ్వరి అంటోంది. అంతకు మించి మా ఇంట్లో జబ్బులేమీ లేవు.

నీ కార్డు అందింది. ధర్మవరం మునిసిపాలిటీ అయిందనీ, వీధి వీధికీ పేరు రాసిన రేకు కొడతారనీ, మన నాగప్ప దారికి నూనె మిల్లు వాళ్లు తమ నాయన పేరు పెట్టమంటున్నారనీ రాశావు. ఆ నాగప్ప ఎవరో నెలలోపల రుజువు చూపకపోతే పాత పేరు పోతుందని కూడా రాసి, ఆ పక్క వాక్యంలోనే చింతపండు ధర రాశావు. నాకు మాత్రం రెండు రోజులు అన్నం సయించలేదు. నాగప్ప మన ముత్తాత. పెనుకొండ తాలూకా కచేరీలో ముప్పై రెండేళ్లు ఊళ్లోవాళ్లందరినీ రుజువులు అడిగినవాణ్ణి నేను. మన ముత్తాతకు నేను రుజువు చూపలేనా?

సోమవారం పెనుకొండకు పోయాను. రికార్డు గదిలో అట్టల మీద ఇప్పటికీ నా చేతిరాతే ఉంది. పాత విషయ సూచిక తీయించి చూశాను. 1881 నుంచి 1892 వరకు "దారి విషయమై – నాగప్ప – ధర్మవరం" అని ఇరవై మూడు చోట్ల రాసి ఉంది. ఒక నేతగాడు ఒక దారి కోసం పదకొండేళ్లలో ఇరవై మూడు సార్లు కచేరీ మెట్లెక్కాడంటే అర్థమేమిటి? ఆ దారి ఆయన వేయించిందే. తన సొంత స్థలం ఇచ్చి వేయించి ఉంటాడు.

అసలు కాగితాలకు నకళ్లు కోరుతూ అర్జీ పెట్టాను. అవి రావడానికి రెండు నెలలు పడుతుంది. అప్పటిదాకా ఆగితే గడువు దాటిపోతుంది కనుక మునిసిపాలిటీకి మూడు ప్రతులలో అర్జీ పంపేశాను.

మన వీధి కొసన ఉండే ఉలిగమ్మ అవ్వకు నాగప్ప గుర్తుంటాడు. మనిషి ఎలా ఉండేవాడో, తలపాగా ఏ పక్కకు చుట్టేవాడో అడిగి రాయి. రాతి పలక చెక్కించాలని ఉంది. బావకు నమస్కారాలు.

దారిదాత మునిమనవడు,
జయరాముడు

ధర్మవరం,
2-7-1964

జయరాముడికి అక్క దీవించి రాసేది.

మోకాలి నొప్పి తప్ప ఇక్కడ అందరం క్షేమం. నీ జాబు మీ బావకు చదివి వినిపించాను. గంజి కలుపుతూ అంతా విని, "మీవాడు పని లేక చెడిపోతాండాడు" అన్నాడు. నువ్వు రాసిన నమస్కారాలు మాత్రం తీసుకున్నాడు.

ఉలిగమ్మ అవ్వ దగ్గరకు ఆకూ వక్కా తీసుకుని పోయాను. తొంభై దాటినా చెవులు బాగానే పని చేస్తున్నాయి, తనకు నచ్చిన మాటలకు మాత్రం. ఆమె అన్నది అన్నట్టు రాస్తున్నాను.

"నాగప్పనా? పొద్దున పూట ఆ దారిన ఎవురినన్నా పోనిచ్చినాడా ఆయప్ప? వచ్చే బండ్లన్నీ ఆయప్పను చూసి ఆ కొసనే నిలబడుతుండె. ఒగసారి పెనుకొండ దొర గుర్రం కూడా నిలబడె. తలపాగా యాడిది, గంజి గుడ్డ చుట్టుకుంటుండె తలకు."

ఎందుకు నిలబడేవో అడిగేలోపల నిద్రపోయింది. నువ్వు తొందరపడి ఇంకేమీ రాయవద్దు. మన వీధి సంగతి నీకు కొత్త కాదు కదా. తెల్లవారగానే ఎవరి పడుగు వాళ్లు దారి పొడుగునా సాచి, తెగిన పోగులు ముడివేసి, గంజి పట్టించి ఆరబెట్టుకుంటాము. ఇరవై గజాల పడుగు ఏ ఇంట్లో పడుతుంది? సాచిన పడుగును మనిషి దాటడు, బండి దాటదు. నాగప్ప సంగతి కూడా ఇట్లాంటిదే ఏదో అయి ఉంటుందని నాకు అనుమానం.

చౌడేశ్వరికి పసుపు పంపాను. అందిందో లేదో ఆమెనే రాయమను. నువ్వయితే మూడు ప్రతులలో రాస్తావు.

అక్క కదిరమ్మ

హిందూపురం,
15-7-1964

అక్కకు నమస్కారాలు.

నీ జాబు చదివి నాకు కళ్లు చెమర్చాయి. ఎద్దుల బండ్లు నిలబడేవా. దొర గుర్రం దిగకుండా దాటలేకపోయాడా. ఎంత గౌరవం ఉంటే అలా జరుగుతుంది. ఆ కాలంలో జమీందార్లకు కూడా అంత మర్యాద దక్కలేదు.

నువ్వు వద్దన్నావు గానీ, ఈ మాట ఊరికే పోనీయడానికి నాకు మనసు ఒప్పలేదు. అనుబంధ అర్జీ పంపాను. అందులో ఒక వాక్యం బాగా కుదిరింది, నువ్వు కూడా విను: "బాటసారులకును బండ్లకును ఎట్టి ఆటంకమును కలుగరాదను సదుద్దేశముతో మా ముత్తాతగారు తమ స్వంత స్థలమును దారి కొరకు విడిచిరి." ఇక్కడి గ్రంథాలయంలో నలుగురికి చదివి వినిపిస్తే, ఒకాయన మళ్లీ చదవమన్నాడు. చెవుడు ఉన్న మాట నిజమే గానీ, నచ్చకపోతే అడగడు కదా.

రెండు వందల కరపత్రాలు అచ్చు వేయించాను. పలక చెక్కే పని సోమందేపల్లి మనిషికి అప్పగించాను. గంజి గుడ్డ బాగుండదని తలపాగాయే చెక్కమన్నాను. నీ అనుమానాల సంగతి నాకు వదిలెయ్యి. రికార్డులు చదవడం అందరికీ రాదు.

పసుపు అందింది.

జయరాముడు

ధర్మవరం,
20-9-1964

జయరాముడూ,

సంతోషించు. నీ అర్జీ గెలిచింది. దారికి నాగప్ప పేరే ఉంచాలని తీర్మానం చేశారు. నూనె మిల్లు వాళ్లు కూడా చప్పట్లు కొట్టారట. వాళ్లెందుకు కొట్టారో నాకు నిన్న తెలిసింది.

ఆ తీర్మానంలోనే రెండో భాగం ఒకటి ఉంది. దారికి తారు వేస్తారు. బండ్లకు ఏ ఆటంకమూ కలగరాదని స్థలం ఇచ్చిన మహానుభావుడే కోరుకున్నాడు కాబట్టి, ఆయన కోరిక మన్నించి, జనవరి ఒకటి నుంచి ఆ దారి మీద ఎవ్వరూ పడుగులు సాచరాదట. మిల్లు లారీలు తెల్లవారి నుంచే తిరుగుతాయట. మన వీధివాళ్లు నలుగురు పోయి మొరపెట్టుకుంటే, నీ అర్జీ తీసి చదివి, "మీ నాగప్ప మునిమనవడే రాసిచ్చినాడు కదప్పా, మేమేం చేసేది" అన్నారు. నువ్వు చెప్పిన ఆ బాగా కుదిరిన వాక్యమే చదివారు.

ఈ వీధిలో నలభై మగ్గాలున్నాయి. పడుగు సాచే చోటు లేకపోతే మగ్గం ఎక్కించేది ఏమిటి? చెరువు గట్టు మీద గాలికి పట్టు పోగు నిలవదు. వేరే వీధులలో వాళ్ల పడుగులకే చోటు చాలదు. నిన్న మన వీధి ఈరక్క కొడుకు దారిలో ఎదురుపడి, "మీ తమ్ముడు మాకు బాగానే దారి చూపించినాడు" అని పోయాడు. నేను ఏమనాలో చెప్పు.

నాగప్ప నిజంగా స్థలం ఇచ్చాడా? ఆ నకళ్లలో ఏముంది? నాకు ఆ ఒక్క సంగతి రాయి. పలకల సంగతీ తలపాగాల సంగతీ వద్దు.

కదిరమ్మ

హిందూపురం,
1-10-1964

అక్కకు నమస్కారాలు.

నీ జాబు చూసి విచారించాను. ప్రభుత్వ కచేరీల సంగతి నీకు తెలియనిది కాదు. నకళ్లు ఇంకా అందవలసి ఉన్నవి. అందిన పిమ్మట తగు చర్య తీసుకోగలను.

ఈలోపల మిద్దెల మీద పడుగులు సాచుకోవచ్చునేమో ఆలోచించగలరు. ఇరవై గజాల మిద్దె లేకపోయినా నాలుగు మిద్దెలు కలిసి ఉంటే సరిపోవచ్చును. మోకాలికి ఆముదం వేడి చేసి రాయి. ఇక్కడ వానలు బాగా పడ్డాయి. అగళి వైపు రాగులు బాగున్నాయని చెప్పుకుంటున్నారు.

ఇట్లు,
జయరాముడు

వదినకు చౌడేశ్వరి నమస్కారాలు. ఈ కవరు అంటించి పెట్టెలో వెయ్యమని నాకు ఇచ్చి ఆయన గ్రంథాలయానికి పోయారు. అంటించే ముందు చదివాను. నకళ్లు ఆగస్టులోనే వచ్చాయి. బీరువాలో నా పెళ్లి చీర కింద పెట్టారు. రోజూ మధ్యాహ్నం తీసి చదువుకుని, నిట్టూర్చి, మళ్లీ అక్కడే పెడుతున్నారు. నాకు చూపించమంటే ఆడవాళ్లకు అర్థం కాని కాగితాలన్నారు. నేను చదివాను, బాగానే అర్థమయింది. నవ్వలేక చచ్చాను. ఆ కాగితాలు మీ వీధికి పనికొస్తాయి వదినా. ఆయన చేత పంపించే భారం మీది.

ధర్మవరం,
6-10-1964

జయరాముడూ,

నాకు "ఆలోచించగలరు" అని రాశావు. నన్ను మీరు అన్నది నీ జీవితంలో ఇదే మొదటిసారి. అప్పుడే అనుమానం వచ్చింది. కింద చౌడేశ్వరి రాసింది చదివాక అనుమానం కూడా లేదు.

నువ్వు తెలియక రాసిన అర్జీకి నాకు కోపం లేదు. రెండు నెలలుగా నిజం చీర కింద పెట్టుకుని, నాకు ఆముదం సంగతి రాశావే, అందుకు ఏడుపు వచ్చింది. ఇంట్లో ఎవరూ చూడకుండా గంజి వార్చే నెపంతో ఏడ్చాను. మీ బావకు అరవై రెండేళ్లు. మగ్గం గుంతలో కూర్చోవడం తప్ప ఆయనకు ఇంకొక పని తెలియదు. జనవరి తర్వాత ఆయన ఎక్కడ కూర్చోవాలో నువ్వు చెప్పు.

ఆ కాగితాలలో ఏముందో ఉన్నదున్నట్టు రాయి.

కదిరమ్మ

హిందూపురం,
12-10-1964

అక్కకు,

తప్పయిపోయింది. ఉన్నదున్నట్టే రాస్తున్నాను.

ఆ ఇరవై మూడు కాగితాలలో ఇరవై రెండు, నాగప్ప పెట్టిన అర్జీలు కావు. నాగప్ప మీద వచ్చిన ఫిర్యాదులు. దారికి అడ్డంగా పడుగు సాచి ఎవరినీ పోనివ్వడం లేదని ఊళ్లో ఉన్న ప్రతి కులం వాళ్లూ ఏదో ఒక సంవత్సరం రాశారు. ఆయన దారి వేయించలేదు అక్కా. పదకొండేళ్లు మూయించాడు.

మచ్చుకు కొన్ని. బుక్కపట్నం నుంచి చేపలు తెచ్చిన బండిని ఆపి, బండివాడు ముందుకు తోలబోతే ఎద్దుల ముందు వెల్లకిలా పడుకున్నాడు. చేపలు చెడిపోయాయి. ఒక పెళ్లి ఊరేగింపును నిలిపి, ఊరికే నిలబడే బదులు చెయ్యి కదలించమని పెళ్లికొడుకు చేత తెగిన పోగులు ముడి వేయించాడు. ముహూర్తం దాటిపోయిందని పెళ్లికూతురి తండ్రి రాశాడు. పీనుగను మోసుకొచ్చినవాళ్లతో, "పోయినోనికి తొందరేముండాదప్పా, దించుకోండి" అన్నాడు. వాళ్లు దించుకున్నారు. విచారణకు వచ్చిన కచేరీ అమీనాను, "నువ్వు కట్టుకున్న పంచ యాడ పుట్టిందో తెలుసునా నీకు" అని అడిగి, ఆయన చేత కుంచె పట్టించి గంజి పూయించాడు. అమీనా స్వయంగా రాసుకున్న నివేదిక అది. పదిహేడో ఫిర్యాదు సొంత బావమరిది పెట్టాడు.

ఇక ఇరవై మూడోది. పెనుకొండ నుంచి దొర స్వయంగా వచ్చాడు. ఆయన గుర్రాన్ని కూడా నాగప్ప ఆపాడు. దొర దిగి, పడుగు చుట్టేదాకా అరుగు మీద కూర్చుని చూశాడు. తర్వాత బండ్ల వాళ్లను పిలిపించి, నేతవాళ్లను పిలిపించి రాజీ కుదిర్చాడు. పొద్దు జామెక్కేదాకా దారి పడుగులది, ఆ తర్వాత బండ్లది. పదకొండు మంది బండ్ల వాళ్లు వేలిముద్రలు వేశారు. నాగప్పకు రాయడం రాదు కాబట్టి సంతకానికి బదులు మగ్గంలో అటూ ఇటూ తిరిగే నాడె బొమ్మ గీశాడు. కింద కచేరీ ముద్ర ఉంది.

కాగితం మీకు పనికొస్తుందని నాకు మొదటి రోజే తెలుసు. కానీ ఇరవై మూడోది చూపితే, అది ఎందుకు పుట్టిందో చెప్పడానికి మిగతా ఇరవై రెండూ చూపాలి. అచ్చు వేసిన కరపత్రాలు ఊరంతా పంచాను. పలక మీద "దారిదాత" అని చెక్కడం అయిపోయింది. ఇప్పుడు పోయి మా ముత్తాత ఎద్దుల ముందు పడుకునేవాడని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. నకళ్లు రిజిస్టరు పోస్టులో పంపుతాను. ఎవరిచేతనైనా చదివించుకోండి. నన్ను రమ్మనవద్దు.

జయరాముడు

ధర్మవరం,
19-10-1964

జయరాముడూ,

విచారించాము. అర్జీ ఇచ్చినవాడే ఎదుటికి వచ్చి తప్పని ఒప్పుకుంటే తప్ప కొత్త కాగితం చూడరట. సభ నవంబరు 9, సోమవారం, పదకొండు గంటలకు. నువ్వు రాకపోతే ఈ వీధిలో నేను తలెత్తుకుని తిరగలేను. అంతకంటే రాయడానికి ఏమీ లేదు.

కదిరమ్మ

ధర్మవరం,
11-11-1964

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు.

ఊరి దాకా వచ్చి ఇంటికి రాకుండా పోయినవాడివి నువ్వొక్కడివే. నీకోసం పూర్ణం పెట్టి ఓళిగలు చేశాను. సభలో నుంచి లేచి నేరుగా స్టేషనుకు పోయావని తెలిసి, మీ బావ వాటిని డబ్బాలో వేసుకుని పరుగెత్తాడు. ఆయన చేరేసరికి బండి కదిలింది. ఓళిగలు ప్లాటుఫారం మీదనే కూర్చుని తనే తిన్నానని చెప్పాడు. అన్నీ ఒక్కడే తిన్నాడంటే నేను నమ్మలేదు గానీ అడగలేదు.

నువ్వు పోయిన తర్వాత ఏం జరిగిందో నీకు తెలియాలి. నేను కిటికీ బయట ఆడవాళ్లతో నిలబడి అంతా చూశాను.

"నేను రాసినది తప్పు, మా ముత్తాత దారి ఇవ్వలేదు" అని మొదలుపెట్టి నువ్వు ఫిర్యాదులు ఒక్కొక్కటే చదివావు. ఆ పెళ్లికొడుకు దగ్గర జనం నవ్వడం మొదలుపెట్టారు. పీనుగ దగ్గర అధ్యక్షుడే టేబులు మీద తల పెట్టుకున్నాడు. నీ ముఖం ఎర్రబడింది. ఇరవై మూడోది చదువుతూ చదువుతూనే కాగితం అక్కడ పెట్టి దిగిపోయావు. నిన్ను చూసి నవ్వారనుకున్నావు. కాదురా. వాళ్లు నాగప్పను చూసి నవ్వారు. ఆ నవ్వులో చెడ్డ ఏమీ లేదు. మా పక్కన నిలబడిన ఆడవాళ్లు, "మా మామ కూడా అచ్చం ఇట్లనే" అని మురిసిపోయారు.

నువ్వు పోయాక అధ్యక్షుడు ఆ కాగితం చేతికి తీసుకుని ముద్ర చూశాడు, నాడె బొమ్మ చూశాడు. నూనె మిల్లు ఆయన వైపు తిరిగి, "ఏమప్పా, ఎద్దుల బండ్లోళ్లే ఒప్పుకుని వేలిముద్ర ఏసినారు. నీ లారీలోళ్లు ఒప్పుకోరా?" అన్నాడు. ఆయన కాసేపు నసిగి, జాము అంటే ఎంత సేపని అడిగాడు. అందరూ కలిసి తొమ్మిది గంటలని తేల్చారు. తారు వేస్తారు. తొమ్మిది దాకా పడుగులు, ఆ తర్వాత లారీలు. దారికి నాగప్ప పేరే.

అందరూ నిన్ను అడుగుతున్నారు. నాకు ఒక్కటే అర్థం కాలేదు. గెలిచినవాడివి ఎందుకు పారిపోయావు?

అక్క

హిందూపురం,
18-11-1964

అక్కకు నమస్కారాలు.

నీ జాబు నాలుగు సార్లు చదివాను. చౌడేశ్వరి అయిదు సార్లు చదివింది. బీరువాలో పెట్టనివ్వలేదు.

ఎందుకు పారిపోయావని అడిగావు. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, నీకు చెబుతాను. నాకు పదకొండేళ్లప్పుడు నాయన నన్ను మగ్గం దగ్గర నుంచి లేపి, "నీ చేతిలో పోగు నిలవదప్పా, పోయి సదువుకో" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. మరుసటి రోజే పెనుకొండ బడిలో వేశాడు. ఆనాటి నుంచి నేను వీధికి వచ్చినప్పుడల్లా, "గుమాస్తా వస్తాండాడు, పంచె తగులుతాది, పడుగు కొంచెం పక్కకు జరపండి" అనేవాళ్లు. నవ్వుతూ అనేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి. నలభై తొమ్మిదేళ్లు నవ్వాను.

పుట్టిన వీధిలో నాకొక మగ్గం లేదు, ఒక పని లేదు. దారి ఇచ్చినవాడి మునిమనవణ్ణయితే, ఆ దారిలో నిలబడటానికి నాకూ కాస్త హక్కు ఉంటుందనుకున్నాను. అందుకే సూచికలో పేరు కనబడగానే అంత తొందరపడ్డాను. ఆ రోజు సభలో చివరి కాగితం చదువుతుంటే, ఆయన మీలో మనిషి, నేను కాను అనిపించింది. ఇంటికి వచ్చి మీ మధ్య కూర్చోలేకపోయాను. అంతే అక్కా, వేరే ఏమీ లేదు.

పలకను సోమందేపల్లి మనిషి దగ్గరే వదిలేశాను. దాని మీద బట్టలు ఉతుక్కుంటున్నాడట.

నీ తమ్ముడు
జయరాముడు

ధర్మవరం,
24-11-1964

జయరాముడూ,

నీ జాబు మీ బావకు చదివి వినిపించాను. విన్నాక ఆయన ఇది రాయమన్నాడు. అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"పోగు ముడెయ్యనీకే నేర్పు గావల్ల. లారీకి అడ్డం నిలబడనీకే నేర్పెందుకు? మీవాణ్ణి రమ్మను. మిల్లోళ్లు తొమ్మిదికి ముందే లారీ తోలుకొస్తాండారు. ఆ కాగితం సదివి, ఆపి, వాళ్లతో పద్ధతిగా మాట్లాడేవోడు మాలో ఒగడు గూడా లేడు."

నిజమేరా. నిన్న పొద్దున ఏడింటికే ఒక లారీ వచ్చి హారను కొడుతూ నిలబడితే, మీ బావ గంజి కుంచె పట్టుకుని తిట్టడం తప్ప ఏమీ చెయ్యలేకపోయాడు. డ్రైవరు రూలు చూపించమన్నాడు. ఇంటింటికీ పోయి అడిగాను. దారి మొదట్లో కుర్చీ వేసుకుని కూర్చునే మనిషి ఒకరు కావాలని అందరూ ఒప్పుకున్నారు. పడుగును పక్కకు జరపమని ఎవరూ అనరు, కుర్చీ పడుగుకు ముందే ఉంటుంది.

చౌడేశ్వరిని కూడా తీసుకుని శుక్రవారం బండికి రా. మరునాడు పొద్దున ఆరు గంటలకల్లా కుర్చీలో కూర్చోవాలి.

నీ అక్క
కదిరమ్మ